ఇంట్లో ఆయిల్ మార్చాను, ఇప్పుడు బండి కింద చుక్కలు: బోనవిల్ ఉన్నవాళ్లు చూడగలరు

గోడపక్క_బండి
నాది 2012 బోనవిల్ టీ100, ట్రయంఫ్ అనే బ్రిటిష్ కంపెనీ బండి. గాలితో చల్లబడే 865 సీసీ ఇంజిను, ఫ్యుయల్ ఇంజెక్షన్. ఇన్నాళ్లూ ఒక గ్యారేజీకి ఇచ్చేవాణ్ణి. పోయినసారి అక్కడ సంప్ బోల్టును (ఇంజిను అడుగున ఆయిలు దించే బోల్టు) ఎంత గట్టిగా బిగించారంటే, ఈసారి విప్పడానికి స్పానరు చివర ఇనుప గొట్టం తగిలించి దాని మీద నా బరువంతా మోపాల్సి వచ్చింది. ఆ కోపంలో, ఇకమీదట నా బండి పని నేనే చేసుకుంటానని ఇంట్లో ప్రకటించాను.

ఆదివారం ఆయిలు, ఫిల్టరు మార్చాను. బోల్టుకు కొత్త వాషరు వేసి, మాన్యువల్లో చెప్పినట్టు 25 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచితో, అంటే ఎంత బిగించామో కొలిచి చెప్పే స్పానరుతో, బిగించాను. అంతా పద్ధతిగానే చేశాననుకున్నాను. ముప్పై కిలోమీటర్లు తిరిగి వచ్చి పెడితే, పొద్దున ఇంజిను కింద నాలుగు చుక్కలు. తుడిచి అట్టముక్క పరిచాను. మర్నాడు మళ్లీ తిరిగి వస్తే ఏడు. మా నాన్నగారు వంగి చూసి, "దొరల బండి కదా, ఉన్నచోట సంతకం పెట్టి వెళుతుంది" అని నవ్వుకుంటూ లోపలికి పోయారు.

ఎక్కడ తప్పు చేశాను?

సగం_ట్యాంకు
చుక్కలు పడుతున్నాయంటే లోపల ఆయిలు ఉన్నట్టే. పడటం ఆగిన రోజున కంగారు పడండి.

మూడో_గేరు
పాత ఫిల్టరుతో పాటు దాని రబ్బరు రింగు ఊడి వచ్చిందా, లేక ఇంజినుకే అతుక్కుని ఉండిపోయిందా? దాని మీద కొత్త రింగు కూర్చుంటే కారుతుంది. పాత ఫిల్టరు పారేయకపోతే ఒకసారి చూడండి.

గోడపక్క_బండి
చూశాను. రింగు పాత ఫిల్టరుకే ఉంది. కొత్తదాని రింగుకు కాస్త ఆయిలు రాసి, 10 న్యూటన్ మీటర్లకు బిగించాను.

టార్క్_తాత
సగం_ట్యాంకు చెప్పిన జోకు నేను బండి నేర్చుకున్నప్పటి నుంచీ వింటున్నాను. అది ఈ బండికి వర్తించదు. మెరిడెన్‌లో తయారైన పాత ట్రయంఫ్ బండ్ల క్రాంక్‌కేసు, అంటే ఇంజిను కింది పెట్టె, నిలువుగా రెండు చెక్కలు. ఆ అతుకు పైనుంచి అడుగు దాకా వస్తుంది, ఆయిలు వచ్చి పడే అడుగు కూడా దాని మీదే. ఏ కాస్త తేడా వచ్చినా ఆయిలు దారి వెతుక్కునేది. మెరిడెన్ ఫ్యాక్టరీ 1983లో మూతపడింది. జాన్ బ్లూర్ ట్రయంఫ్ పేరునూ హక్కులనూ కొని, హింక్లీలో కొత్త ఫ్యాక్టరీ కట్టించాడు. అక్కడి నుంచి 1990ల మొదట్లో కొత్త బండ్లు రావడం మొదలైంది. వాటి క్రాంక్‌కేసు అడ్డంగా, పైనొకటి కిందొకటిగా రెండు చెక్కలు. పాత బండి పేరునూ రూపునూ తీసుకున్నారు తప్ప, ఆ కారుడును తీసుకోలేదు.

కాబట్టి హింక్లీ బండి కారుతోందంటే దానికి కారణం ఉంటుంది. సంతకం అని సరిపెట్టుకోకండి. మీ నాన్నగారికి నా నమస్కారాలు.

తోలు_చేతులు
కారణం స్పష్టమే కదా. పని రానివాళ్లు చేయి పెట్టడం. అధీకృత సర్వీసు కేంద్రం ఉన్నది ఎందుకు? ఇవి ఇంట్లో విప్పే బండ్లు కావు. ఇంజెక్షన్, సెన్సర్లు, కంప్యూటరు. మన తాతల కాలపు బండి కాదు ఇది.

ఎర్ర_హెల్మెట్
తోలు_చేతులు గారూ, ఆయన మార్చింది ఆయిలు. అందులో సెన్సరు ఎక్కడుంది?

నాది స్ట్రీట్ ట్విన్, 2016లో వచ్చిన నీటితో చల్లబడే 900. ఆయిలు, ఎయిర్ ఫిల్టరు, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిలు, చైను అన్నీ నేనే చూసుకుంటాను. కంప్యూటరు విషయం కూడా భయపడేంతది కాదు. ట్యూన్‌ఈసీయూ అనే ఫోను యాప్ ఉంది. బ్లూటూత్ ప్లగ్గు ఒకటి బండికి తగిలిస్తే లోపాల కోడ్లు చదువుతుంది, సర్వీసు గుర్తును ఆర్పుతుంది. మొదటిసారి ఆ పసుపు స్పానరు బొమ్మ వెలిగినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే అది రోగం కాదు, "కిలోమీటర్లు నిండాయి" అని గుర్తుచేయడం మాత్రమే.

తోలు_చేతులు
గ్యారంటీ ఉన్న బండి అయితే?

ఎర్ర_హెల్మెట్
గ్యారంటీ ఉన్నన్నాళ్లూ సర్వీసు పుస్తకంలో ముద్ర వేయించుకోండి, అందులో వాదన లేదు. ఆయనది 2012 బండి.

సగం_ట్యాంకు
2012 బండికి ఇంకా గ్యారంటీ ఇచ్చేవారు దొరికితే నా మోకాళ్లకు కూడా రాయించుకుంటాను.

నట్టు_బోల్టు
కారుడు సంగతి తేలేలోపు నా కథ ఒకటి. మొదటి ట్రయంఫ్ కొనగానే "బ్రిటిష్ బండి, బ్రిటిష్ కొలతలు" అని ఎవరో చెప్పారు. ఎక్కడెక్కడో వెతికి పాత బ్రిటిష్ కొలతల విట్‌వర్త్ స్పానర్ల పూర్తి సెట్టు తెచ్చుకున్నాను. చెక్క పెట్టె, లోపల మెత్తటి గుడ్డ, చూడముచ్చటగా ఉంది. తీరా బండి దగ్గర కూర్చుంటే ఒక్క స్పానరూ పట్టదు. బండి మొత్తం మెట్రిక్. ఆ సెట్టు ఇప్పటికీ అలాగే మెరుస్తోంది, ఎందుకంటే ఇంతవరకు ఒక్క బోల్టునూ తాకలేదు.

టార్క్_తాత
మీకా సెట్టు అక్కర్లేకపోతే నాకు పంపండి, నా దగ్గర మెరిడెన్ బండి ఉంది. హింక్లీ బండ్లన్నీ మొదటి నుంచీ మెట్రిక్కే. అలెన్ కీలు, మంచి సాకెట్లు, టార్క్స్ బిట్లు ఉంటే పని నడుస్తుంది. ఆరు మొనల నక్షత్రం ఆకారంలో కనిపించే తలల కోసమే ఆ టార్క్స్ బిట్లు. వాటిలో అలెన్ కీ దూర్చి తిప్పినవాళ్లకు దండం. తల అరిగిందంటే ఆ బోల్టు మీతో జీవితాంతం మాట్లాడదు.

టార్క్ రెంచి మాత్రం ఒకటి చాలదు, రెండు కొనండి. వెనక ఇరుసు నట్టుకు వాడే పెద్ద రెంచిని పట్టుకుని ఫిల్టరుకు 10 న్యూటన్ మీటర్లు కొలవబోతే, అది టిక్కుమనే లోపే మర పోతుంది. కొలత పరిధి అడుగు అంచున ఏ రెంచినీ నమ్మకూడదు. క్రాంక్‌కేసు అల్యూమినియం, బోల్టు ఉక్కు. ఈ రెండింటి తగాదాలో ఎప్పుడూ ఓడేది అల్యూమినియమే. గోడపక్క_బండి గారూ, ఆ గ్యారేజీ వాళ్లు బలం చూపించిన బోల్టు మరలు ఎలా ఉన్నాయి? బయటికి తీసినప్పుడు వెండి రంగు పొడి, తీగల్లాంటి ముక్కలు కనిపించాయా?

గోడపక్క_బండి
లేదు, మరలు శుభ్రంగానే ఉన్నాయి. బోల్టు చుట్టూ కాగితం రుమాలు చుట్టి ఇంజిను ఐదు నిమిషాలు నడిపాను. రుమాలు పొడిగానే ఉంది. ఫిల్టరు దగ్గరా పొడే. అంటే ఆయిలు పైనుంచి ఎక్కడినుంచో వస్తోంది.

మూడో_గేరు
ఫిల్టరు విప్పినప్పుడు ఫ్రేము గొట్టాల మీద ఒలికిన ఆయిలు అయి ఉండవచ్చు. ఒలికింది మూలల్లో దాక్కుని, ఇంజిను వేడెక్కినప్పుడల్లా కొంచెం కొంచెం జారుతుంది. నాకు అలాగే పది రోజులు కారింది. పది రోజులూ ఇంజిను విప్పించాలేమో అని నిద్ర లేదు.

గోడపక్క_బండి
అదీ అనుమానించాను. బ్రేక్ క్లీనరుతో అంతా కడిగి మళ్లీ తిరిగి వచ్చాను. ఈసారి ఎనిమిది చుక్కలు. ఎయిర్ ఫిల్టరు పెట్టె అడుగున తడి కూడా కనిపిస్తోంది. అక్కడ ఆయిలుకు ఏం పని?

వాల్వు_గుసగుస
ఎయిర్ ఫిల్టరు పెట్టెలోనా? పిస్టన్ రింగులు పోయి, అడుగున ఒత్తిడి పెరిగి, ఇంజిను లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా ఆయిలు తోస్తోందేమో. సిలిండర్లలో కంప్రెషన్ (పిస్టన్ నొక్కే ఒత్తిడి) కొలిపించండి.

తోలు_చేతులు
చెప్పాను కదా. ఇప్పుడు రింగుల దాకా వచ్చింది.

టార్క్_తాత
రింగులను కాస్త ఆపండి. ఆదివారం దాకా పొడిగా ఉన్న బండికి ఆదివారం సాయంత్రం రింగులు అరగవు. గోడపక్క_బండి గారూ, ఒక్కటే ప్రశ్న. ఆయిలు పోశాక మట్టం చూసినప్పుడు బండి ఎలా నిలబడి ఉంది?

గోడపక్క_బండి
సైడ్ స్టాండు మీద. కుడి పక్కనున్న గాజు కిటికీలో చూశాను. మాన్యువల్లో చెప్పినంత పోశాక కూడా కిటికీ ఖాళీగానే ఉంది. సరిపోలేదనుకుని కిటికీ మధ్యకు వచ్చేదాకా పోశాను. కొంచెం ఎక్కువే పట్టింది. ఓహో.

ఓహో.

సగం_ట్యాంకు
ఆ రెండో "ఓహో" ఈ ఏడాది ఇక్కడ నేను చదివిన అత్యుత్తమ సాంకేతిక విశ్లేషణ.

టార్క్_తాత
నవ్వకండి, నేనూ చేసిన పనే ఇది. సైడ్ స్టాండు మీద బండి ఎడమకు వాలుతుంది, లోపలి ఆయిలంతా ఎడమకు పోతుంది, కిటికీ కుడి పక్కన ఉంది. దొడ్లో చెంబును వంచి పట్టుకుని పై అంచు నుంచి చూసి నీళ్లు లేవన్నట్టు. కిటికీ మధ్యకు తెచ్చేదాకా పోశారంటే, బండి నిటారుగా లేచినప్పుడు ఆయిలు కిటికీ దాటి చాలా పైకి వెళ్లి ఉంటుంది.

తర్వాత జరిగేది ఇది. పిస్టన్ల కింద తిరిగే ఇరుసు, అంటే క్రాంకు, ఆ ఎక్కువైన ఆయిలును చిలుకుతుంది. నురగ పుడుతుంది, లోపల పిస్టన్ల కింద గాలికి చోటు తగ్గుతుంది, ఒత్తిడి ఆయిలు తుంపరను బ్రీదర్ గొట్టంలోకి తోస్తుంది. ఆ గొట్టం పోయేది ఎయిర్ ఫిల్టరు పెట్టెలోకే. అక్కడ చేరి, నిండి, కింద చుక్కలుగా దిగుతోంది. పైగా మీ బండి క్రాంకు 360 డిగ్రీలది. రెండు పిస్టన్లూ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి. దిగేటప్పుడు రెండూ కలిసి ఆ గాలిని నొక్కుతాయి. అందుకే ఇలాంటి ఇంజినులో ఎక్కువ పోసిన ఆయిలు తన సంగతి త్వరగా చెబుతుంది.

ఇప్పుడు చేయాల్సింది: ఇంజిను కాసేపు వేడెక్కనిచ్చి ఆపండి. మూడు నిమిషాలు ఆగండి. ఇంకొకరి చేత బండిని నిటారుగా పట్టించి, సమతలం మీద కిటికీ చూడండి. గీతల మధ్య ఉండాలి. ఎక్కువైంది తీయడానికి సంప్ బోల్టు మళ్లీ విప్పక్కర్లేదు. పెద్ద సిరంజికి సన్న గొట్టం తగిలించి, ఆయిలు పోసే రంధ్రంలోంచి పీల్చేయండి. ఎయిర్ ఫిల్టరు తడిసి ఉంటే మార్చండి, పెట్టె తుడవండి. అంతవరకు బండి నడపకండి. ఆయిలు అతిగా ఉన్న ఇంజిను సీళ్లను ఒత్తుతుంది.

వాల్వు_గుసగుస
రింగుల మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఎర్ర_హెల్మెట్
నిటారుగా పట్టుకోవడానికి ఇంకొకరు అని తేలిగ్గా అన్నారు. మా ఇంట్లో ఆ ఇంకొకరు మా ఆయన. రెండు నిమిషాలు పట్టుకోమంటే "అయిందా, అయిందా" అని ఆరుసార్లు అడుగుతారు. ఒంటరిగా చేసేవాళ్లు కిటికీ ముందు ఫోను కెమెరా ఆనించి వీడియో పెట్టి, బండి మీద కూర్చుని నిటారుగా చేయండి. తర్వాత వీడియో చూసుకోండి.

నట్టు_బోల్టు
వెనక చక్రాన్ని లేపి బండిని నిటారుగా నిలబెట్టే ప్యాడాక్ స్టాండు ఉంటే ఈ గొడవే ఉండదు. చైను పనికి కూడా ఎలాగూ కావాలి.

చైను_సడలింపు
చైను మాట వచ్చింది కాబట్టి నేను దిగుతున్నాను, నన్నెవరూ పిలవకపోయినా. ఇంట్లో పని మొదలుపెట్టేవాళ్లు ఆయిలు కన్నా ముందు చైనుతో మొదలుపెట్టాలి. ఎంత సడలి ఉండాలో మాన్యువల్లో ఉంటుంది. చాలామంది ఒక్కచోట కొలిచి వదిలేస్తారు. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవండి, బిగువుగా ఉన్నచోట చెప్పిన కొలత రావాలి. చైను అన్ని చోట్లా సమంగా అరగదు. చక్రం వాలకుండా ఉందో లేదో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీద గీతలను చూసి నమ్మకండి, స్వింగ్ ఆర్మ్ ఇరుసు నుంచి రెండు పక్కలా కొలవండి. చివరగా ఇంజిను నడుస్తుండగా, గేరులో పెట్టి, చైనును గుడ్డతో తుడవడం. ఎవరైనా చేస్తుంటే వెంటనే మానుకోండి. గుడ్డతో పాటు వేలు కూడా స్ప్రాకెట్ చుట్టూ తిరిగి వస్తుంది. ఒక మిత్రుడికి జరిగింది. ఆయన ఇప్పుడు తొమ్మిదిన్నర దాకానే లెక్కపెడతాడు.

సగం_ట్యాంకు
నవ్వాలో వద్దో చెప్పండి.

చైను_సడలింపు
ఆయన నవ్వుతాడు. మనం నవ్వకూడదు.

తోలు_చేతులు
సరే, ఆయిలు, చైను ఒప్పుకుంటున్నాను. వాల్వుల సంగతి ఏమిటి? అది కూడా ఇంట్లోనేనా?

వాల్వు_గుసగుస
ఇక్కడ తోలు_చేతులు గారి వైపు కొంచెం మొగ్గుతాను. 865లో వాల్వుల సందు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే కామ్‌కూ మధ్య ఖాళీ, చూడటం కష్టమైన పని కాదు, ఓపిక పని. ట్యాంకు తీసి, పైమూత విప్పి, సందులో దూర్చే సన్న రేకుల ఫీలర్ గేజితో కొలిచి కాగితం మీద రాసుకోవాలి. కొలవడం వరకు ఎవరైనా చేయవచ్చు. సరిచేయడం వేరు. వాల్వు తల మీది బకెట్ అనే గిన్నెపై కూర్చునే షిమ్ముల్ని (సన్న ఉక్కు బిళ్లల్ని) మార్చాలి, దానికి ప్రత్యేక పనిముట్టు కావాలి, సరైన మందం షిమ్ములు దొరకాలి.

ఒక అపోహ ఉంది: వాల్వులు చప్పుడు చేస్తేనే చూడాలని. నిజానికి భయపడాల్సింది చప్పుడు తగ్గినప్పుడు. వాల్వు సీటు అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, టకటక తగ్గుతుంది, యజమాని మురిసిపోతాడు. సందు పూర్తిగా పోయిన రోజు ఎగ్జాస్టు వాల్వు పూర్తిగా మూసుకోదు, తన వేడిని సీటుకు వదల్చుకోలేక కాలిపోతుంది. అందుకే నా పేరు ఇలా పెట్టుకున్నాను. గుసగుసలాడుతున్నంత సేపు ఆరోగ్యంగా ఉన్నట్టే.

నట్టు_బోల్టు
ఇంజెక్షన్ అన్నారు కాబట్టి మరో సిగ్గుపడే సంగతి. ఆ 865 మీద కనిపించే కార్బ్యురేటర్లు నిజమైనవి కావు. 2008 ప్రాంతంలో ఇంజెక్షన్ వచ్చినప్పుడు థ్రాటిల్ బాడీలకు కార్బ్యురేటర్ రూపం ఇచ్చారు. నేను బండి నిలకడగా నడవడం లేదని, కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, అంటే జెట్టు, శుభ్రం చేద్దామని గంట సేపు దాని చుట్టూ వెతికాను. జెట్టు లేదు. గిన్నె లేదు.

మూడో_గేరు
విట్‌వర్త్ సెట్టు, లేని జెట్టు. మీరు 1965లో బతుకుతున్నారు.

నట్టు_బోల్టు
బండి అమ్మేటప్పుడు వాళ్లు కోరుకునేదీ అదే కదా.

సగం_ట్యాంకు
అసలు బ్రిటిష్ బండి అని దేన్ని అంటున్నాం? ట్రయంఫ్‌కు 2002 నుంచి థాయ్‌లాండ్‌లో ఫ్యాక్టరీ ఉంది, 2020లో ఎక్కువ ఉత్పత్తి అక్కడికే మారుస్తామని చెప్పారు. 400 సీసీ బండ్లు బజాజ్ తయారుచేస్తోంది. నార్టన్‌ను 2020లో టీవీఎస్ కొన్నది. బీఎస్ఏ పేరు మహీంద్రా గుంపు చేతిలో ఉంది. మిగిలింది జెండా స్టిక్కరే.

టార్క్_తాత
గీసేది, లెక్కలు వేసేది ఇంకా హింక్లీలోనే. బోల్టుకు మాత్రం తాను ఏ దేశంలో బిగిశానో తెలియదు, ఎంత బిగిశానో తెలుస్తుంది. ఆ వాదన ఇంకో చోట పెట్టుకుందాం.

ఎర్ర_హెల్మెట్
చైను గారి జాబితాకు రెండు చేరుస్తాను. బ్రేకు ఆయిలు రెండేళ్లకోసారి మార్చండి, కిలోమీటర్లతో సంబంధం లేదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే మరిగే వేడి తగ్గుతుంది, కొండ దిగేటప్పుడు లివరు మెత్తబడుతుంది. డాట్ 4 మాత్రమే. డాట్ 5 అంకె పెద్దది కదా అని పోయకండి, అది సిలికాన్, పూర్తిగా వేరే జాతి. ఇక బ్రేకు ఆయిలు పెయింటు మీద పడితే పెయింటు ఊడుతుంది. నా ట్యాంకు మీద చిన్న మచ్చ ఉంది. ఎవరైనా అడిగితే డిజైను అంటాను.

గోడపక్క_బండి
నేనే మళ్లీ. ఈ సాయంత్రం మా నాన్నగారు హ్యాండిలు పట్టుకుని బండి నిటారుగా నిలబెట్టారు. కిటికీలో పై గీత దాకా కాదు, కిటికీ మొత్తం ఆయిలుతో నిండిపోయి ఉంది. ఎక్కడా అంచు కనిపించలేదు. సిరంజితో తీస్తుంటే గిన్నెలో ముప్పావు లీటరు వచ్చింది. మట్టం గీతల మధ్యకు వచ్చింది. ఎయిర్ ఫిల్టరు కింది సగం తడిసింది, కొత్తది తెప్పిస్తున్నాను. పెట్టె తుడిచాను.

నాన్నగారు ఈసారి ఏమీ అనలేదు. గిన్నెలోని ఆయిలు చూసి "ఇదంతా ఎక్కువ పోశావా" అని మాత్రం అడిగారు. అది జోకు కన్నా ఎక్కువ తగిలింది.

టార్క్_తాత
తీసిన ఆయిలు కొత్తదే, పారేయకండి. శుభ్రమైన గిన్నెలోకి తీసి ఉంటే మూత పెట్టి దాచుకోండి, తర్వాత తగ్గినప్పుడు పోయవచ్చు. దుమ్ము పడి ఉంటే మాత్రం వద్దు, చైను పనికి వాడుకోండి. డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ అని, అంటే ఆయిల్లో మునిగి పనిచేసే బండి క్లచ్చుకు సరిపోతుందనే గుర్తు, ఉందో లేదో కూడా ఒకసారి చూడండి. ఇంజినుకూ క్లచ్చుకూ ఒకే ఆయిలు కదా, కార్ల ఆయిలు పోస్తే క్లచ్చు జారవచ్చు.

చైను_సడలింపు
లింకుల మధ్య రబ్బరు ఓ రింగులున్న చైనుకు ఇంజిను ఆయిలా? అభ్యంతరం!

టార్క్_తాత
అభ్యంతరం నమోదైంది. గేటు కీళ్లకు వాడుకోండి.

గోడపక్క_బండి
ఎంఏ2 అని ఉంది, అదీ ఆ కోవదే. గిన్నె వంటింటిది కాబట్టి శుభ్రంగానే ఉంది. ఆ విషయం వంటింట్లో ఇంకా తెలియదు.

తోలు_చేతులు
నా బండికి వచ్చే నెల ఆయిలు మార్చాలి. అడుగుతున్నాను అంతే. ఆ చిన్న టార్క్ రెంచి ఎంత నుంచి ఎంత దాకా కొలిచేది తీసుకోవాలి?

టార్క్_తాత
5 నుంచి 25 న్యూటన్ మీటర్లది ఒకటి, 20 నుంచి 110 ఇంకొకటి. సంప్ బోల్టు 25 దగ్గర పెద్దదాన్నీ నమ్మవద్దు, చిన్నదాన్నీ చివరిదాకా సాగదీయవద్దు అంటే మధ్యలో 10 నుంచి 60 ఇంకొకటి కొనాల్సి వస్తుంది. నా దగ్గర నాలుగున్నాయి.

సగం_ట్యాంకు
రెండు అని మొదలుపెట్టి నాలుగు దగ్గర తేలారు.

గోడపక్క_బండి
పొద్దున అట్ట చూశాను. నిన్న ఇరవై కిలోమీటర్లు తిప్పి పెట్టాను. ఒక్క చుక్క ఉంది, అది కూడా పెట్టె కింద గొట్టంలో మిగిలిందే అయి ఉండాలి. అట్ట మార్చి మళ్లీ పెట్టాను, రేపు చెబుతాను.

మూడో_గేరు
పాత అట్ట పారేయకండి. నాలుగు, ఏడు, ఎనిమిది, ఒకటి. తేదీలు రాసి ఉంచుకోండి.

గోడపక్క_బండి
సున్నా.